షుగర్ ఉన్నవాళ్ల గాయం నల్లబడితే ముక్క పరీక్షకి ఎందుకు ఆగకూడదు

అడిగిన విషయం క్లుప్తంగా ఇదీ. నాన్నగారికి 58 ఏళ్లు, 12 ఏళ్లుగా షుగర్, ఈమధ్య హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 11 దాటింది. గుంటూరు దగ్గర పొలం గట్టు మీద బండి జారి పడితే మోకాలి కింద చర్మం లేచిపోయింది. ఊళ్లో ఆర్‌ఎంపీ కడిగి కట్టు కట్టి సూది వేశారు. అయిదో రోజుకి గాయం మధ్యలో నల్లటి చెక్కు కట్టింది, చుట్టూ ఎరుపు పాకుతోంది. యాంటీబయాటిక్ రెండుసార్లు మార్చారు. విజయవాడలో చూసిన డాక్టరు గారు ఫంగస్ అనుమానం ఉంది, ముక్క తీసి పరీక్షకి (బయాప్సీకి) పంపాలి అన్నారు. ముక్క తీస్తే పుండు పెద్దదవుతుందని ఇంట్లోవాళ్ల భయం. షుగర్ అదుపులోకి వచ్చాక చూడొచ్చా అని ప్రశ్న.

ఆగొద్దు. ముక్క ఈరోజే తీయించండి. షుగర్ తగ్గించే పని దాంతోపాటే జరగాలి, దానికంటే ముందు కాదు. పుండు పెద్దదయ్యేది ముక్క తీసినందువల్ల కాదు, తీయకుండా కూర్చున్నందువల్ల. మీ డాక్టరు గారి అనుమానం సరైన దిశలోనే ఉంది, ఇది మ్యూకర్‌మైకోసిస్, అంటే జనం 'బ్లాక్ ఫంగస్' అనే జబ్బు కావచ్చు. ఎందుకో వివరంగా చెబుతాను, ఇంట్లో పెద్దవాళ్లకి చదివి వినిపించండి.

మ్యూకర్ కుటుంబపు బూజులు (రైజోపస్, అపోఫైసోమైసిస్, సక్సీనియా వంటివి) మట్టిలో, కుళ్లిన ఆకుల్లో, పెంటపోగుల్లో ఎప్పుడూ ఉండేవే. పాచిపోయిన బ్రెడ్డు మీద దూదిలా లేచే బూజు కూడా వీటి చుట్టమే. మనందరి ఒంటి మీదా రోజూ పడుతుంటాయి, ఏమీ చేయవు. చర్మం చీలి, మట్టి లోపలికి వెళ్లి, అక్కడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే కథ మారిపోతుంది. ఈ బూజు పోగులు మిగతా సూక్ష్మజీవుల్లా కండలో పాకి ఊరుకోవు, రక్తనాళాల గోడల్ని తొలుచుకుని లోపలికి వెళతాయి. నాళంలో రక్తం గడ్డకడుతుంది. ఆ నాళం మీద బతికే చర్మం, కొవ్వు, కండ రక్తం అందక చచ్చిపోతాయి. ఆ చచ్చిన కణజాలమే నల్లగా కనిపిస్తుంది. 'బ్లాక్ ఫంగస్' అన్న పేరు విని ఫంగస్ రంగే నలుపు అనుకుంటారు. నలుపు దానిది కాదు, చచ్చిన మన కండది.

రక్తనాళం మూసుకుపోయిందన్న ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతా వైద్యమంతా అర్థమవుతుంది. మందు ఎంత ఖరీదైనదైనా రక్తంతోనే వెళ్లాలి. రక్తం వెళ్లని చోటికి మందూ వెళ్లదు. కాబట్టి నల్లబడిన భాగాన్ని మందులతో బతికించడం ఎవరి తరమూ కాదు, కోసి తీసేయాల్సిందే. పాకుతున్న అంచుని ఆపడానికి మాత్రం మందు కావాలి.

షుగర్‌తో దీనికి ఇంత దోస్తీ ఎందుకంటే రెండు మూడు కారణాలున్నాయి. చక్కెర బాగా పెరిగినప్పుడు తెల్ల రక్తకణాలు బూజు పోగుల్ని చంపలేని స్థితికి వస్తాయి. రక్తనాళాల లోపలి పొర మీద జీఆర్‌పీ78 అనే ప్రోటీన్ ఎక్కువవుతుంది, బూజు సరిగ్గా దాన్నే పట్టుకుని లోపలికి దూరుతుంది. ఇక కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు కొవ్వు కరిగి తయారయ్యే ఆమ్లాలు) పెరిగి రక్తం ఆమ్లంగా మారితే, మామూలుగా గట్టిగా కట్టేసి ఉండాల్సిన ఐరన్ వదులవుతుంది. ఈ బూజుకి ఐరన్ దొరకడమంటే పైరుకి యూరియా వేసినట్టే. అందుకే నీరసంగా ఉన్నారు, రక్తం తక్కువగా ఉంది అని ఈ దశలో ఐరన్ సూదులు వేయించకండి. ఆ పని తర్వాత చూసుకోవచ్చు.

ఇక గుర్తుపట్టడం. మొదటి రోజుల్లో గాయం చుట్టూ ఎరుపు, వాపు, గట్టిదనం ఉంటాయి. చూస్తే మామూలు చీము గాయంలానే ఉంటుంది. తేడా ఏమిటంటే చీము పెద్దగా రాదు, నొప్పి మాత్రం గాయం సైజుకి మించి ఉంటుంది. అయితే షుగర్ వల్ల కాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లకి ఆ నొప్పి కూడా తెలియకపోవచ్చు, 'నొప్పి లేదు కదా' అన్న ధీమా వాళ్ల విషయంలో పనికిరాదు. తర్వాత మధ్యభాగం ఊదా రంగుకి తిరిగి, బూడిద రంగుకి వచ్చి, నల్లబడుతుంది. దాని చుట్టూ పాలిపోయిన పట్టీ, దాని బయట ఎరుపు. ఒక్కోసారి కట్టు విప్పినప్పుడు అంచుల్లో దూది పింజల్లాంటి తెల్లటి బూజు కంటికే కనిపిస్తుంది. జ్వరం ఉండాలనేమీ లేదు.

ఇంట్లో ఒక్క పని చేయండి. బాల్‌పెన్నుతో ఎరుపు అంచు చుట్టూ, నలుపు అంచు చుట్టూ విడివిడిగా గీతలు గీసి, పక్కన టైము రాయండి. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. ఆరు గంటల తర్వాత మళ్లీ చూడండి. గీత దాటిందంటే ఆ ఫోటో ఎమర్జెన్సీ డాక్టరుకి పది మాటల కంటే ఎక్కువ చెబుతుంది. కొన్ని రకాలు, ముఖ్యంగా అపోఫైసోమైసిస్, గంటల్లో సెంటీమీటర్ల చొప్పున పాకుతాయి. ఇంకో సంగతి: పైన కనిపించే నలుపు అరచేతంత ఉంటే లోపల కొవ్వు పొరలో అంతకు ఎక్కువే చచ్చిపోయి ఉండొచ్చు. చర్మం కంటే కింద కొవ్వులోనే ఇది వేగంగా పరుగెడుతుంది.

బాక్టీరియా వల్ల కూడా కాలు నల్లబడుతుంది, చర్మం కింద కుళ్లు పాకుతుంది. కళ్లతో చూసి ఇది అదే, ఇది కాదు అని ఎంత అనుభవం ఉన్నవాళ్లూ కచ్చితంగా చెప్పలేరు, రెండూ కలిసి కూడా ఉంటాయి. అందుకే మొదట యాంటీబయాటిక్ మొదలుపెట్టడం తప్పు కాదు. తప్పు ఎక్కడంటే, 48 నుంచి 72 గంటల్లో తగ్గకపోతే ఇంకా పెద్ద యాంటీబయాటిక్‌కి మారడం, అదీ పనిచేయకపోతే మూడోదానికి వెళ్లడం. మట్టి అంటిన గాయం, షుగర్ మనిషి, నల్లటి మధ్యభాగం, రెండు రోజుల యాంటీబయాటిక్‌కి లొంగలేదు అనే నాలుగూ కలిస్తే తర్వాతి అడుగు ఇంకో సీసా కాదు, ముక్క పరీక్ష. మన డెల్టా వరి పొలాల్లో వానాకాలంలో మెలియాయిడోసిస్ అనే బాక్టీరియా జబ్బు కూడా షుగర్ వాళ్లనే పట్టుకుంటుంది. అది మామూలు యాంటీబయాటిక్స్‌కి లొంగదు, దాని మందు పూర్తిగా వేరు. కాబట్టి ముక్క పంపేటప్పుడు ఫంగస్‌తోపాటు బాక్టీరియా కల్చర్ (ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) కూడా అడగాలి.

ఆలస్యం విలువ ఎంతో చెప్పడానికి ఒక లెక్క. 2008లో రక్త కేన్సర్ రోగుల మీద వచ్చిన ఒక పరిశీలనలో, సరైన మందు ఆరు రోజులు లేదా అంతకంటే ఆలస్యంగా మొదలైనవాళ్లలో మరణాలు దాదాపు 49 శాతం నుంచి 83 శాతానికి పెరిగాయి. చర్మం మీద వచ్చే రకం వాళ్లంత ఘోరంగా ఉండదు. 929 కేసులని కలిపి 2005లో చేసిన సమీక్షలో చర్మానికే పరిమితమైనప్పుడు మరణాలు 10 శాతం, లోపలి కండకో ఎముకకో దిగితే 26 శాతం. ఆ పదికీ ఇరవయ్యారుకీ మధ్య ఉన్నది చాలాసార్లు కొన్ని రోజులే. మీకు ఇప్పటికే అయిదు రోజులు గడిచాయి.

ముక్క ఎలా తీయాలో తెలిస్తే ఇంట్లో భయం సగం తగ్గుతుంది. గాయం పక్కన తిమ్మిరి సూది ఇచ్చి, నల్లటి భాగమూ ఎర్రటి భాగమూ కలిసే అంచు దగ్గర సన్నటి లోతైన ముక్క తీస్తారు. కింది కొవ్వు కూడా వచ్చేలా తీయాలి, ఇది చాలా ముఖ్యం. నడిమధ్య నల్లటి చెక్కులో గీకి పంపితే అందులో చచ్చిన కండ, పైన పడిన చెత్త తప్ప ఏమీ దొరకదు. పైపైన దూదిపుల్లతో తుడిచి పంపిన శాంపిల్ కూడా అంతే, దాంట్లో ఫంగస్ లేదు అని వస్తే నమ్మడానికి వీల్లేదు. కోస్తున్నప్పుడు ఒక గుర్తు అక్కడికక్కడే దొరుకుతుంది. బతికున్న కొవ్వు పసుపుగా మెరుస్తూ చుక్క చుక్కగా రక్తం కారుస్తుంది. ఫంగస్ దిగిన కొవ్వు బూడిద రంగులో ఉండి, కత్తి పెట్టినా రక్తం రాదు, చిన్న నాళాల్లో నల్లటి గడ్డలు గింజల్లా కనిపిస్తాయి.

ముక్కని రెండు చేయాలి. ఒక సగం ఫార్మలిన్‌లో, పాథాలజీకి. రెండో సగం స్టెరైల్ సెలైన్‌లో, మైక్రోబయాలజీకి. ఈ ఒక్కచోట జరిగే పొరపాటు చాలామందిని దెబ్బతీస్తుంది: మొత్తం ముక్కని ఫార్మలిన్ సీసాలో వేసేస్తారు. ఫార్మలిన్‌లో పడితే బూజు చచ్చిపోతుంది, ఇక అది కల్చర్‌లో మొలవదు, ఏ జాతో తెలియదు. సెలైన్ సీసాని ఫ్రిజ్‌లో కూడా పెట్టకూడదు, ఈ జాతికి చల్లదనం పడదు. మామూలు గది వేడిలోనే, వీలైనంత త్వరగా ల్యాబ్‌కి చేరాలి. మీరు చేతిలో పట్టుకుని వెళ్లాల్సి వస్తే రెండు సీసాలున్నాయా, దేని మీద ఏం రాసి ఉంది అని అడిగి చూసుకోండి. కాగితం మీద 'మ్యూకర్ అనుమానం, ముక్కని నూరవద్దు' అని డాక్టరు గారి చేత రాయించండి. మామూలుగా ల్యాబ్‌లో కండ ముక్కని నూరి కల్చర్‌కి వేస్తారు. ఈ బూజు పోగులకి మధ్యలో అడ్డగోడలు ఉండవు, పొడవాటి గొట్టాల్లాంటివి, నూరితే పగిలి చచ్చిపోతాయి. సన్నగా తరిగి వేయాలి.

కేఓహెచ్ పరీక్ష మాత్రం ఆ రోజే, చాలాసార్లు గంట రెండు గంటల్లో వచ్చేస్తుంది. పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో కండ కరిగాక సూక్ష్మదర్శినిలో చూస్తే వెడల్పాటి రిబ్బన్ లాంటి పోగులు, అడ్డగోడలు లేకుండా, దాదాపు లంబకోణంలో కొమ్మలు వేసి కనిపిస్తాయి. అది కనిపించిందంటే మందు మొదలుపెట్టడానికి చాలు, కల్చర్ కోసం ఆగనక్కర్లేదు. గెలాక్టోమానన్, బీటా డీ గ్లూకాన్ అనే రక్త పరీక్షలు కొన్ని ఫంగస్‌లకి బాగా పనికొస్తాయి గానీ ఈ జాతిని పట్టుకోలేవు. అవి నెగెటివ్ వచ్చాయని ఊరట పడకండి.

వైద్యంలో మూడు పనులు ఒకేసారి నడవాలి: కత్తి, యాంఫోటెరిసిన్ (ఫంగస్‌ని చంపే సూది మందు), షుగర్ నియంత్రణ. ఒకటయ్యాక ఒకటి అన్న పద్ధతి ఈ జబ్బులో పనికిరాదు.

ఆపరేషన్ గురించి పేషెంటు బంధువులు మొదట అడిగే మాట, 'కొంచెమే తీస్తారా?' అని. నలుపు వరకే తీస్తే చాలదు. కోసిన అంచుల నుంచి తాజా రక్తం కారేదాకా తీయాలి. కొవ్వు చెడితే కొవ్వు, కండని కప్పే పొర చెడితే ఆ పొర. ఒక్కసారితో అయిపోదని ముందే మనసు సిద్ధం చేసుకోండి. 24 నుంచి 48 గంటలకోసారి థియేటర్‌లో కట్టు విప్పి మళ్లీ చూడాలి, కొత్తగా నల్లబడింది ఉంటే మళ్లీ తీయాలి. ఇలా మూడు నాలుగుసార్లు జరగడం మామూలే. మొదటిసారి గాయం చూసి 'ఇంత కోసేశారేంటి' అని గొడవపడే కుటుంబాలు ఉంటాయి. వాళ్ల బాధ అర్థమవుతుంది, కానీ అక్కడ పొదుపు చేసిన రెండు సెంటీమీటర్ల చర్మం రెండు రోజుల తర్వాత మోకాలిని అడుగుతుంది. చర్మం అతికించే ఆపరేషన్‌కి తొందరపడకూడదు. అంచుల నుంచి తీసిన ముక్కల్లో ఫంగస్ లేదని తేలాక, గాయం అడుగు ఎర్రగా గింజగట్టాకే అతికించాలి. ముందే అతికిస్తే ఆ చర్మం కూడా నల్లబడి పోతుంది.

మందు లైపోసోమల్ యాంఫోటెరిసిన్ బి. కిలోకి రోజుకి 5 మిల్లీగ్రాములు, మొదటి రోజు నుంచే పూర్తి డోసు. 1 మిల్లీగ్రాముతో మొదలుపెట్టి రోజూ కొంచెం కొంచెం పెంచే పాత అలవాటు ఈ జబ్బులో ప్రమాదం. నాన్నగారు 60 కిలోలుంటే రోజుకి 300 మిల్లీగ్రాములు, అంటే 50 మిల్లీగ్రాముల వయల్స్ ఆరు. రెండు వారాలకి 84. ఈ లెక్క ముందే వేసుకుంటే మధ్యలో మందు అయిపోయి ఒక రోజు ఆగిపోయే పరిస్థితి రాదు. మామూలు యాంఫోటెరిసిన్ చవక, కిలోకి 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు ఇస్తారు, కానీ కిడ్నీల మీద దెబ్బ చాలా ఎక్కువ. 12 ఏళ్ల షుగర్ కిడ్నీలు ఇప్పటికే అలిసిపోయి ఉంటాయి. లైపోసోమల్ దొరకనప్పుడు ఏమీ ఇవ్వకుండా ఉండేకంటే అదైనా ఇవ్వడం మేలు.

మందు కలిపే దగ్గర ఒక విషయం మీ కళ్లముందే జరుగుతుంది కాబట్టి తెలిసి ఉండాలి. మామూలుగా దొరికే పొడి వయల్‌లో 12 మిల్లీలీటర్ల స్టెరైల్ నీళ్లు పోసి అర నిమిషం గట్టిగా ఊపితే పసుపు రంగు మజ్జిగ తేట లాంటి ద్రవం వస్తుంది. దాన్ని ఫిల్టర్‌తో 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో కలిపి రెండు గంటల పాటు ఎక్కిస్తారు. ఇక్కడ బంధువులు అభ్యంతరం పెడతారు: 'షుగర్ పేషెంటుకి గ్లూకోజ్ బాటిలా? సెలైన్ పెట్టండి' అని. వాళ్ల ఒత్తిడికి సిస్టర్ సెలైన్‌లో కలిపేస్తే మందు విరిగి ముద్దలు కడుతుంది, ఆ డోసు వృథా, పైగా ప్రమాదం. 250 మిల్లీలీటర్ల 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో ఉండేది 12.5 గ్రాముల చక్కెర, సుమారు మూడు టీ స్పూన్లు. దానికి నాలుగు యూనిట్లో ఆరు యూనిట్లో ఇన్సులిన్ డాక్టరు సర్దుతారు. అడ్డుపడకండి. అదే లైన్‌లో అంతకుముందు సెలైన్ వెళ్లి ఉంటే, మందుకి ముందూ తర్వాతా డెక్స్‌ట్రోజ్‌తో లైన్ కడగాలి. మన దేశంలో సెలైన్‌లోనే తయారుచేసిన ఒక రకం కూడా ఉంది, దాని పద్ధతి వేరు. కాబట్టి పెట్టెలోని కాగితం ఏం చెబితే అదే ఆఖరి మాట. మందు లోపలికి వెళ్తుంటే చలి, వణుకు, జ్వరం రావచ్చు. వేగం తగ్గించి, పారాసెటమాల్, యాంటిహిస్టమిన్ ఇస్తే సర్దుకుంటుంది.

కిడ్నీలని కాపాడుకోవడానికి మందుకి ముందు విడిగా అర లీటరు నుంచి లీటరు దాకా సెలైన్ ఎక్కిస్తారు, గుండె బలహీనంగా లేకపోతే. నొప్పి తగ్గడానికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి బయట కొనుక్కొచ్చి వేయకండి. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష), పొటాషియం, మెగ్నీషియం మొదట్లో రోజూ లేదా రోజు విడిచి రోజు చూడాలి. పొటాషియం గురించి కాస్త గట్టిగా చెబుతాను. యాంఫోటెరిసిన్ పొటాషియాన్ని మూత్రంలోకి తోసేస్తుంది. ఇన్సులిన్ డ్రిప్ అదే పొటాషియాన్ని కణాల్లోకి లాగేస్తుంది. రెండూ ఒకేసారి నడుస్తున్న షుగర్ పేషెంటులో అది ఒక్క రాత్రిలో పడిపోయి గుండె లయ తప్పొచ్చు. కాళ్లు పట్టేయడం, కడుపు ఉబ్బరం, విపరీతమైన నీరసం, గుండె దడ ఉంటే 'మందు వేడి చేసింది' అనుకుని మజ్జిగ ఇచ్చి ఊరుకోకండి, సిస్టర్‌కి చెప్పండి. పొటాషియం ఎంత ఇచ్చినా నిలవకపోతే మెగ్నీషియం తక్కువై ఉంటుంది, దాన్ని సరిచేస్తేనే ఇది నిలుస్తుంది.

ఫ్లూకొనజోల్, వొరికొనజోల్ ఈ జాతి మీద పనిచేయవు. ఇది ముఖ్యం, ఎందుకంటే 'ఫంగస్' అనగానే మందుల షాపులో ఫ్లూకొనజోల్ ఇచ్చేస్తారు. మాత్రల్లో పనికొచ్చేవి పోసాకొనజోల్, ఇసావుకొనజోల్. సాధారణంగా రెండు మూడు వారాల సూది మందు తర్వాత, గాయం నిలకడగా ఉన్నాక వీటికి మారతారు. పోసాకొనజోల్ 100 మిల్లీగ్రాముల మాత్రలు మొదటి రోజు మూడేసి రెండుసార్లు, తర్వాత రోజుకి ఒకసారి మూడు, అన్నం తిన్నాక. ఇసావుకొనజోల్ మొదటి రెండు రోజులు ఎనిమిది గంటలకోసారి 200, తర్వాత రోజుకి ఒకసారి 200. పోసాకొనజోల్‌తో కొలెస్ట్రాల్ మాత్రలు అటార్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ కలవకూడదు, కండరాలు దెబ్బతింటాయి. షుగర్ వాళ్లలో చాలామంది ఈ మాత్ర రాత్రిపూట అలవాటుగా వేసుకుంటారు, అడగనిదే చెప్పరు. రోజువారీ మాత్రలన్నీ ఒక కవర్‌లో వేసి తీసుకెళ్లి చూపించండి. ఎన్నాళ్లు వాడాలి అంటే గాయం పూర్తిగా మూతపడి, ముక్కల్లో ఫంగస్ లేదని తేలేదాకా. వారాలు కావచ్చు, నెలలు కావచ్చు.

షుగర్ విషయంలో ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు మాత్రలు కాదు, ఇన్సులిన్. లక్ష్యం 140 నుంచి 180 మధ్య. చేరగానే కీటోన్లు, రక్తం ఎంత ఆమ్లంగా ఉందో చెప్పే పీహెచ్, బైకార్బొనేట్ చూడాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడుతుంటే చేరిన క్షణమే చెప్పండి. వాటి మీద ఉన్నవాళ్లలో స్ట్రిప్‌లో షుగర్ 180 మాత్రమే చూపిస్తున్నా రక్తంలో కీటోన్లు నిండి ఉండొచ్చు. 'షుగర్ బానే ఉంది' అని అందరూ నిశ్చింతగా ఉంటే లోపల ఆమ్లం ఫంగస్‌ని మేపుతూ ఉంటుంది. వాంతులు, ఎగపోస్తున్నట్టు లోతుగా ఊపిరి తీయడం ఉంటే స్ట్రిప్ నంబరు పక్కన పెట్టి కీటోన్ పరీక్ష అడగండి.

ఎక్కడికి వెళ్లాలి అంటే, సర్జన్, మైక్రోబయాలజీ, పాథాలజీ, ఐసీయూ ఒకే ఆవరణలో ఉన్నచోటికి. గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి), విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్, లేదా చుట్టుపక్కల మెడికల్ కాలేజీలకి అనుబంధంగా ఉన్న ఆసుపత్రులు. చిన్న నర్సింగ్ హోమ్‌లో చేరి ముక్కని కొరియర్‌లో హైదరాబాద్ పంపి రిపోర్టు కోసం ఎదురుచూడటం ఈ జబ్బుకి సరిపడే వేగం కాదు. ఖర్చు గురించి: 2021 మేలో రాష్ట్ర ప్రభుత్వం బ్లాక్ ఫంగస్‌ని ఆరోగ్యశ్రీలో చేర్చింది, ఆ పథకం పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ. మీ కేసుకి ఏ ప్యాకేజీ వర్తిస్తుందో చేరేరోజే ఆసుపత్రిలోని పథకం కౌంటర్‌లో ఆధార్, రేషన్ కార్డుతో అడగండి. ముక్క రిపోర్టు ఒరిజినల్ జాగ్రత్త చేయండి, అనుమతికి అడిగేది అదే.

ఇంట్లో ఇంకో రెండు సందేహాలు వచ్చే ఉంటాయి. ఇది కొవిడ్ జబ్బు కదా అంటారు. 2021లో చూసింది ముక్కు, కన్ను, మెదడుకి పాకిన రూపం. చర్మం మీద వచ్చే రూపం అంతకుముందూ ఉంది, ఇప్పుడూ ఉంది, దానికి కొవిడ్ అక్కర్లేదు. అంటుకుంటుందా అంటారు. మనిషి నుంచి మనిషికి అంటదు. నాన్నగారి పక్కన కూర్చోండి, అన్నం తినిపించండి, పిల్లల్ని దూరం పెట్టాల్సిన పని లేదు.

ఫంగస్ అన్న ప్రతిదానికీ ఇంత కంగారు అవసరం లేదు కూడా. గజ్జల్లో తామర, కాలి వేళ్ల సందుల్లో తెల్లగా పాచినట్టు మెత్తబడటం చర్మం పై పొరలోనే ఉంటాయి, నల్లబడవు. వాటి బెడద వేరు: పగిలిన వేళ్ల సందు బాక్టీరియాకి తలుపు తెరుస్తుంది, స్టిరాయిడ్ కలిసిన క్రీములు రాస్తే తామర మొండిగా మారుతుంది. ముల్లు గుచ్చుకున్న చోట నుంచి పైకి వరుసగా గడ్డలు లేవడం, కాలి మీద కాలీఫ్లవర్ లాంటి పులిపిరి పెరగడం, పాదం వాచి రంధ్రాల నుంచి ఇసుక రేణువుల్లాంటి గింజలు రావడం ఇవన్నీ రైతుల్లో చూసే లోతైన ఫంగస్ జబ్బులే గానీ నెలల తరబడి నెమ్మదిగా నడుస్తాయి. పాదం నుంచి వచ్చే గింజలు నల్లవైతే ఫంగస్, ఎర్రవైతే బాక్టీరియా, తెల్లవైతే రెండిట్లో ఏదైనా కావచ్చు. మందులు వేర్వేరు కాబట్టి ఆ గింజల్ని గాజుగుడ్డలో పట్టుకుని ల్యాబ్‌కి తీసుకెళ్లాలి.

మట్టి గాయం తగిలిన మొదటి గంట గురించి కూడా చెప్పాలి, ఇంట్లో ఇంకెవరికైనా షుగర్ ఉంటే పనికొస్తుంది. 2011 మేలో అమెరికాలోని జాప్లిన్ ఊళ్లో టోర్నడో వచ్చినప్పుడు చెక్కపేళ్లు, మట్టి గుచ్చుకున్నవాళ్లలో 13 మందికి అపోఫైసోమైసిస్ సోకింది, అయిదుగురు చనిపోయారు. లోపల మిగిలిపోయిన పుల్లలు, మట్టి దానికి విత్తనం. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచినప్పుడు బురదలో నడిచి కాళ్లు కోసుకున్నవాళ్లకి, ఆటోనగర్‌లో ఇనుప ముక్క దిగినవాళ్లకి, పొలంలో కొడవలి తగిలినవాళ్లకి ఒకటే సూత్రం: కుళాయి కింద పదిహేను నిమిషాలు ధారగా నీళ్లు వదిలి కడగాలి, సబ్బు చుట్టూ చర్మానికి. లోపల పుల్ల, ఇసుక ఉంటే డాక్టరు దగ్గర తిమ్మిరిచ్చి తీయించాలి, పైన కుట్లు వేసి మూసేయకూడదు. పసుపు, సున్నం, కాఫీపొడి, పేడ, ఆకు పసరు ఏదీ పెట్టొద్దు. వాటిలో ఉండే బూజు గింజల్ని మనమే గాయంలో నాటినట్టవుతుంది. 1970ల చివర్లో అమెరికా ఆసుపత్రుల్లో సాగే అంటుపట్టీల మీద ఉన్న రైజోపస్ వల్లే ఈ జబ్బు వ్యాపించింది, కాబట్టి పాత కట్టుగుడ్డ, వాడిన క్రేప్ బ్యాండేజీ మళ్లీ చుట్టకండి. నేరుగా గాయం మీద స్టెరైల్ గాజుగుడ్డ ఉండాలి, రోజూ విప్పి చూడాలి. కట్టు 'తడవకూడదు, విప్పకూడదు' అని నాలుగు రోజులు ఉంచితే లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. పిరుదు మీద వేసిన సూది చోట గట్టిపడి నల్లబడినా ఇదే అనుమానం పడాలి, అపోఫైసోమైసిస్ అలా రావడం మన దేశంలో చూసిందే. నాన్నగారికి ఆర్‌ఎంపీ సూది వేసిన చోటు కూడా ఈరోజే ఒకసారి బట్ట తీసి చూడండి.

బయల్దేరేటప్పుడు వాడిన యాంటీబయాటిక్స్ పేర్లు, తారీఖులు ఒక కాగితం మీద రాసుకోండి, పెన్ను గీతల ఫోటోలు ఫోన్‌లో ఉంచుకోండి. ఆపరేషన్ అవసరం పడొచ్చు కాబట్టి దారిలో టిఫిన్ పెట్టించకండి, కానీ ఇన్సులిన్ వేసి ఉంటే షుగర్ చూసుకుంటూ వెళ్లండి, 70 కంటే తగ్గితే మాత్రం రెండు మూడు స్పూన్ల పంచదార నీళ్లు పట్టించి, ఆ సంగతి మత్తు డాక్టరుకి చెప్పండి.